వకుళ మిగిల్చిన జవాబు

లాగ్ 211

రెండో గొట్టం మంచుకి బిగుసుకుంది. వేడినీళ్ళు పట్టించి వదిలించాం. తలుపుల రబ్బరు మీద పేరుకున్న మంచు గీకాను. మిగతాదంతా మామూలే.

కంపెనీకి ఇచ్చే షిఫ్టు నివేదిక వేరే ఉంది. ఇది నాకోసం రాసుకునేది.

నీళ్ళ ఓడ దిగింది. గురుగ్రహపు ఉపగ్రహం ఈ కాలిస్టోకి ఇదివరకు ఓడ వచ్చి చాలాకాలమైంది. ఉల్లిపాయలు వచ్చాయని క్యాంటీన్‌లో ఒకటే సందడి. ఓడలోంచి కొత్త ఫెలో కూడా దిగింది. కమ్యూనికేషన్‌లో పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి. మా గని కంపెనీ, హిమధాతు సంస్థ, ఇచ్చే ఫెలోషిప్. వకుళ తర్వాత ఆ కుర్చీలోకి వస్తున్న మొదటి మనిషి.

వకుళ నా భార్య. పోయిన ఏడు చనిపోయింది.

ఓడ ట్యాంకులు నింపుకుని తిరిగి బయల్దేరేవరకూ వకుళ ఫెలోషిప్ కాగితాల మీద నడుస్తూనే ఉంటుంది. బయల్దేరిన రోజు ముగుస్తుంది. అప్పటికి పెట్టెలో ఏం మిగిలితే అది కంపెనీది.

పెట్టె మా గది గోడకి ఉంది. చివరి నెలల్లో వకుళ అందులో జవాబులు దాచింది. నేను ఏమేం అడుగుతానో తనే ఊహించి, ఒక్కో ప్రశ్నకి ఒక్కో జవాబు. నేను ఆ ప్రశ్న నోరు తెరిచి అడిగితే పెట్టె ఆ జవాబు వినిపిస్తుంది. ఒక్కసారే. తర్వాత చెరిగిపోతుంది. ఇంకా ఎన్ని ఉన్నాయో పెట్టె మీద అంకె చూపిస్తుంది.

ఒకటి అని చూపిస్తోంది. వేసవి నుంచీ అదే అంకె. ఇక్కడ వేసవి లేదు. వకుళ అలా అనేది, నాకూ అలవాటైంది.

ఆ ఒక్కదాని ప్రశ్న ఏమిటో నాకు తెలియడం లేదు.


లాగ్ 212

డ్యూటీ దిగి గదికి వచ్చేసరికి ఆ అమ్మాయి తలుపు దగ్గర నిలబడి ఉంది. పాతికేళ్ళుంటాయి. పేరు ఎస్తేరు రాణి. ఒంగోలు పక్కన ఏదో ఊరు. ఇక్కడి తక్కువ బరువు ఇంకా అలవాటు కాలేదు. గోడ పట్టుకుని మాట్లాడుతోంది.

లోపలికి రమ్మన్నాను. తను కూర్చుందో లేదో ఎదురుగది సింహాచలం తలుపు తోసుకుని వచ్చాడు. అతనిది డ్రిల్లు పని. విజయనగరం వైపు మనిషి.

"తినీసినానండి బాబూ. ఒంట్లో బాగానే ఉంది. మోకాలు నొప్పి తగ్గింది. మా ఆవిడి మీద కోపం నేదు. అప్పడగడానికి రానేదు. ఉల్లిపాయుందా?"

ఎస్తేరు నావైపు చూసింది. "మీరేమీ అడగలేదు కదా సార్?"

"అడుగుతారు కదమ్మా," అన్నాడు సింహాచలం. "నువ్వు కొత్తగా దిగినావు. సదువు కోసం వొచ్చినావు. పెళ్ళి కానేదు. అవునా?"

"నా పెళ్ళి సంగతి మీకెందుకండీ?"

"నాకెందుకూ? కొత్తమ్మాయొచ్చింది అనగానే మా ఆవిడి అడిగీది అదే. ముందే సెప్పీకపోతే అక్కడ పెద్ద గొడవ."

ఉల్లిపాయ తీసుకుని, వాసన చూసి, జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు.

ఆ అమ్మాయికి చెప్పాల్సి వచ్చింది. వకుళ పేపర్లలో చదివే ఉంటుంది గానీ చదవడం వేరు.

ఇక్కణ్ణుంచి భూమికి మాట చేరడానికి ముప్పావుగంట. జవాబు రావడానికి ఇంకో ముప్పావుగంట. వకుళ వచ్చిన కొత్తలో ఇళ్ళకి మాట్లాడినవాళ్ళు మాటల గదిలోంచి ఏడుస్తూనో అరుస్తూనో బయటికి వచ్చేవాళ్ళు. కొందరు కాంట్రాక్టు మధ్యలోనే వెళ్ళిపోయారు. ఒక్కొక్కరినీ వెనక్కి పంపడం కన్నా, కమ్యూనికేషన్ చదివే ఒకరిద్దరు విద్యార్థులకి ఫెలోషిప్ ఇచ్చి ఏదైనా మార్గం చూడమనడం చవక. అలా మొదలైంది.

వకుళ వాళ్ళకి మూట కట్టడం నేర్పింది. అవతలి మనిషి ఏమేం అడుగుతుందో ముందే ఊహించి, ఆ జవాబులన్నీ ఒకేసారి కట్టి పంపడం. ప్రతి జవాబుకీ ఒక ముడి. అవతల ఆ ప్రశ్న అడగ్గానే ముడి విడి మాట వినిపిస్తుంది. ఎదురుగా కూర్చుని మాట్లాడినట్టే ఉంటుంది. ఇప్పుడు ఈ గనిలో అందరికీ అదే అలవాటు. మనిషి ఎదురుగా ఉన్నా సరే, అడక్కముందే చెప్పేస్తారు. అడగడం తగ్గిపోయింది. నాకైతే మొదటినుంచీ తక్కువే.

"నా మొదటి పని మేడం మూట ముగించడం సార్," అంది ఎస్తేరు. "ఒకటి మిగిలిందంట."

"అవును."

"రోజూ అడుగుతున్నారా?"

"అడుగుతున్నాను."

"ఏమేం అడిగారు?"

 ఆ అమ్మాయి లేచి వెళ్ళలేదు, ఇంకో మాట అనలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని నా మొహం చూస్తూ కూర్చుంది. ఇక్కడ ఎవరూ అలా ఎదురుచూడరు.

"రాసి ఇస్తాను," అన్నాను చివరికి.


లాగ్ 214

ఓడకి నీళ్ళు పట్టడం మొదలైంది.

మొదట్లో ముడులు సులువుగానే విడాయి. నేను అడిగినవి అలాంటివి. గోంగూర ట్రే ఏ దీపం కింద పెట్టాలని అడిగాను.

"నీలం దీపం. నరహరీ, నేను పోయాక నువ్వు అడిగే మొదటి ప్రశ్న గోంగూర గురించే అని నాతో నేనే పందెం వేసుకున్నాను. గెలిచాను. వెళ్ళి నీళ్ళు పొయ్యి ముందు."

వెళ్ళి పోశాను. తిరిగి వచ్చేసరికి అంకె ఒకటి తగ్గి ఉంది. అప్పుడు అర్థమైంది, ఆ మాట మళ్ళీ వినపడదని.

అది వకుళ పెట్టిన షరతే. అందిన మాట విన్నవాళ్ళది, ఇంకెక్కడా దాని కాపీ ఉండకూడదు అని. ఆ ఒక్క వాక్యం ఒప్పందంలో చేర్చేవరకూ తను ఫెలోషిప్ కాగితాల మీద సంతకం పెట్టలేదు. కంపెనీ ఒప్పుకుంది, దానికి బదులు అందని మాటలన్నీ తమవే అని ఇంకో వాక్యం చేర్చుకుని.

ఉన్ని టోపీ ఎక్కడుందని అడిగాను. చీరలు ఎవరికి ఇవ్వాలని అడిగాను. "పచ్చది తప్ప ఎవరికైనా ఇచ్చెయ్. పచ్చది నీ దగ్గర పెట్టుకో, ఎందుకని అడక్కు." అడగలేదు. తర్వాత అడిగాను. "ఎందుకని అడక్కు అన్నానా!" అంది పెట్టె. ఆ నవ్వు ఇంకా చెవిలో ఉంది.

ఒకరోజు పళ్ళు తోముకుంటూ, నొప్పిగా ఉందా అని అడిగాను. ఎందుకు అడిగానో తెలియదు. తను పోయి అప్పటికి నెలలు దాటాయి.

"ఇప్పుడు లేదు," అంది. కాసేపు ఆగి, "అడిగావు కదా. చాలు," అంది.

ఇవాళ అడిగినవి: మన పెళ్ళిరోజు వాన పడిందా? థీసిస్‌లో మూడో అధ్యాయం ఎందుకు కొట్టేశావు? వంట చేసేటప్పుడు కూనిరాగం తీసేదానివి, అది ఏ పాట? కాలేజీలో నాకన్నా ముందు ఎవర్నైనా ఇష్టపడ్డావా?

చివరిది అడిగాక సిగ్గేసింది. అంకె కదల్లేదు.


లాగ్ 215

ఓడ ట్యాంకుల్లో సగం పైన నిండాయి. మంచు కరిగించి ఓడకి పట్టేది నా విభాగమే. నెమ్మదిగా పడితే ఓడ ఆగుతుంది. ఎవరికీ తెలియదు కూడా.

మామూలు వేగంతోనే పట్టాను.


లాగ్ 218

మాటల గదిలో ఫిల్టరు మార్చడానికి వెళ్ళాను. మూలన ఎస్తేరు కూర్చుని ఉంది. తెర మీద భూమి బొమ్మ వైపు చిన్న చుక్క మెల్లగా జరుగుతోంది. మాట ఇంకా దారిలో ఉందని గుర్తు.

"మూట పంపావా?"

"లేదు సార్. ఒకటే అడిగా. అమ్మా, ఇవాళ ఏం కూర చేశావు అని."

"అంతేనా?"

"అంతే."

"మరి గంటన్నర ఏం చేస్తావు?"

"కూర్చుంటా."

ఫిల్టరు మార్చడానికి ఎక్కువసేపు పట్టదు. అయినా కొంచెం ఎక్కువసేపే ఉన్నాను. మూట ఎందుకు కట్టలేదని అడిగాను. ఈ ఫెలోషిప్పే దాని గురించి కదా.

"కట్టాను సార్ మొన్న. చాలా బాగా కట్టా. మా అమ్మ ఏం అడిగినా జవాబు ఉంది అందులో. అంతా విని ఏమందో తెలుసా? 'ఏందే, నన్ను మాట్టాడనిచ్చేదేమన్నా ఉందా లేదా? నువ్వే అడిగి నువ్వే చెప్పుకునేదానికి నేనెందుకు మజ్జెలో?' అని ఫోను పెట్టేసింది." నవ్వి, మళ్ళీ చుక్క వైపు చూసింది. "ఏం కూర చేసిందో నాకు తెలీదు సార్. నిజంగా తెలీదు. అందుకే అడిగా."

నేను వచ్చేటప్పుడు చుక్క భూమిని తాకింది. ఇక జవాబు రావాలి.


లాగ్ 219

ఆ అమ్మాయి మాట పట్టుకుని ఇవాళ వేరేగా అడిగాను. ఇన్నాళ్ళూ వకుళ ఏ ప్రశ్న అనుకుని ఉంటుందా అని ఆలోచించి, అది అడుగుతూ వచ్చాను. తాళంచెవులు ఒక్కొక్కటే పెట్టి చూసినట్టు. నాకు తెలుసుకోవాలని ఉన్నవి అడగలేదు.

మంచం మీద కూర్చుని అడిగాను.

నీకు భయం వేసిందా?

ఇదే అయి ఉంటుందనుకున్నాను. అడిగి పెట్టె దగ్గరికి జరిగాను. ఇంతకన్నా నేను అడగాల్సింది ఏమీ లేదు.

అంకె అలాగే ఉంది.

భోజనానికి వెళ్ళలేదు. సింహాచలం ప్లేటు తెచ్చి తలుపు దగ్గర పెట్టాడు. "నేదు, నాను ఏటీ అడగను," అని చెప్పి వెళ్ళిపోయాడు.


లాగ్ 220

మేనేజరు గోవర్ధనం గారు పిలిచారు. ఆయన చాలా ఏళ్ళుగా ఇక్కడే ఉన్నారు. కుర్చీ లాక్కుని నేను కూర్చునే లోపే మొదలుపెట్టారు.

"లేదండీ నరహరి గారూ, మీమీద అనుమానం ఏమీ లేదు. అవును, ఓడ వెళ్ళేలోపు పెట్టె తెరిపించొచ్చు, మేమే తెరుస్తాం. ప్రశ్న అక్కర్లేదు. అవును, మీరూ వింటారు. కమిటీ ఎదురుగా, అంటే నేనూ, ఆ కొత్తమ్మాయీ, ఓడలో భూమి నుంచి వచ్చిన ఒకాయన. కాదండీ, అది అందినట్టు కాదు, మనం తెరిచినట్టు. కాపీ కంపెనీకి ఉంటుంది. మీకు ఇవ్వరు."

"కాపీతో ఏం చేస్తారు?"

ఆయన నావైపు చూశారు. ఆ ప్రశ్నకి జవాబు ముందే కట్టుకుని రాలేదనుకుంటాను.

"అందరి మాటలతో చేసేదే," అన్నారు.

క్యాంటీన్‌లో, దారుల్లో, లిఫ్టుల్లో ఒక గొంతు మాట్లాడుతుంది. దాన్ని అక్క అంటారు. మూటల్లో అందకుండా మిగిలిన మాటలన్నీ కలిపి తయారుచేశారు. ఒకే గొంతు, కానీ పలుకు మాత్రం మారుతూ ఉంటుంది. ఎవరో ఒకరు తినడం ఆపి పైకి చూస్తారు, తెలిసిన మనిషి వినపడినట్టు. తర్వాత మళ్ళీ తింటారు.

ఆలోచించి చెబుతానన్నాను.


లాగ్ 221

తెరవడానికి ముందు పెట్టెని పరీక్షించాలని మేనేజరు ఎస్తేరుకి అనుమతి ఇచ్చారు. ఇంతకాలం అది ఎవరూ చూడకూడనిది. పొద్దున్నే పలక లాంటి తెర పట్టుకుని వచ్చింది. పెట్టెకి కలిపింది. తెర మీద వేలుతో పైకీ కిందికీ జరిపి చూసింది.

"సార్, దీనికి ప్రశ్న లేదు."

"అంటే?"

"జవాబు ఉంది. ముడి వేశారు. ప్రశ్న రాయాల్సిన చోట ఏమీ లేదు. మీరు ఏం అడిగినా విడదు. ఎవరడిగినా విడదు."

నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది.

"మర్చిపోయారేమో మేడం," అంది. "మందుల మీద ఉన్నారు కదా అప్పుడు."

"వకుళ మర్చిపోదు."

"తేదీ కూడా ఉంది సార్. ఇదే మొట్టమొదట రికార్డు చేశారు. మిగతావన్నీ దీని తర్వాతే."

మొదటే. గోంగూర కన్నా ముందు. టోపీ కన్నా, చీరల కన్నా ముందు.

ఎస్తేరు అడగలేదు. నాకు చెప్పాలనిపించింది. అంకె సున్నా అయితే నేను ఆగిపోతాను. పెట్టెకి గుడ్డ కప్పి, పనికి వెళ్ళి, వచ్చి, పడుకుంటాను. ఎవరితోనూ మాట ఉండదు. తనకి అది తెలుసు. అందుకని మొదటే ఒకటి విడకుండా కట్టింది. నేను అడుగుతూ ఉండటానికి.

ఇదంతా నాలుగు ముక్కల్లో చెప్పాను. ఎస్తేరు తెర వైపే చూస్తోంది.

"లోపల నిజంగానే మాట ఉందా?" అన్నాను. "ఖాళీది పెట్టి ఉండొచ్చు."

"ఉంది సార్. నిమిషం లోపే. వినడానికి నాకు అనుమతి లేదు, శబ్దం గీత మాత్రం కనిపిస్తోంది." తెర నావైపు తిప్పింది. "ఇక్కడ కాసేపు ఏమీ లేదు. ఇదంతా మాట. ఇదిగో, చివర్లో ఈ ఎత్తులు చూడండి. నవ్వు అయినా అయి ఉండాలి, దగ్గు అయినా అయి ఉండాలి."

ఆ ఎత్తుల మీద వేలు పెట్టి చూశాను. అద్దం చల్లగా ఉంది.


లాగ్ 222

వినాలి. ఇవాళంతా అదే అనుకున్నాను.

కమిటీ ఉంటే ఉండనీ. గోవర్ధనం గారు ఉంటే ఉండనీ. నిమిషం కన్నా తక్కువ. ఆ తర్వాత అక్కలో కలిపితే కలపనీ. రోజూ క్యాంటీన్‌కి వెళితే ఎప్పుడో ఒకప్పుడు, ఒక్క పలుకు. వకుళ 'సరేలే' అనేటప్పుడు చివర కొంచెం సాగదీస్తుంది. అది వినపడితే చాలు. అంతకన్నా తక్కువతో బతుకుతున్నవాళ్ళు చాలామంది ఉన్నారు.

డ్యూటీ అయ్యాక క్యాంటీన్‌లో కూర్చున్నాను. తినడానికి కాదు, అక్క మాట వినడానికి. 'ప్లేట్లు ఇక్కడ పెట్టండి. నేల తడిగా ఉంది, జాగర్త నాయనా.' ఆ 'జాగర్త నాయనా' విజయనగరం పలుకు.

సింహాచలం ఎదురుగా కూర్చున్నాడు. ఈసారి ముందే ఏమీ చెప్పలేదు.

"అది పైడయ్యది కదా?" అన్నాను. పైడయ్య, సింహాచలం ఒకే డ్రిల్లు మీద పనిచేశారు. సొరంగం కూలినప్పుడు పైడయ్య లోపలుండిపోయాడు. వాళ్ళమ్మకి కట్టిన మూట సగం అందలేదు.

"ఆడిదే. ఆళ్ళమ్మకి సెప్పీవోడు అలాగ. జాగర్తమ్మా, జాగర్త. దాన్ని నాయనా సేసినారు ఈళ్ళు."

"రోజూ వింటావు కదా. ఎలా ఉంటుంది?"

సింహాచలం గిన్నె దగ్గరికి లాక్కున్నాడు. కొంచెం చారు పోసుకున్నాడు.

"మొదట్లో దీనికోసమే ఒచ్చీవోడ్ని బాబూ. ఆకలి నేకపోయినా. ఆ ఒక్కమాట ఇని ఎల్లిపోయీవోడ్ని. తరవాత తరవాత ఏటయిందంటే, ఆడు గురుతొచ్చినప్పుడల్లా తడినేలే గురుతొస్తంది. ప్లేట్లు గురుతొస్తన్నాయి. ఆడు నాతో అన్న మాటలు సానా ఉన్నాయి, బూతులే ఎక్కువనుకోండి. అయ్యి ఒక్కటీ గురుతు రావట్లేదు. ఇది అన్నిట్నీ తినీసింది."

చారు తాగి లేచాడు. నా ప్లేటు కూడా తీసుకెళ్ళి అక్క చెప్పినచోటే పెట్టాడు.


లాగ్ 223

ఓడ ట్యాంకులు నిండాయి. మధ్యాహ్నం కమిటీ. ఎస్తేరు ముందుగానే మా గదికి వచ్చింది.

"కమిటీ వద్దు," అన్నాను.

"తెరవకపోతే ఓడలో వెళ్ళిపోతుంది సార్. వాళ్ళే తెరుచుకుంటారు. మీరు వినకుండానే అక్కలో కలిసిపోతుంది."

"తెలుసు."

"మీకు వినాలని లేదా?"

"ఉంది."

ఇంకేమన్నా చెబుతానేమో అని చూసింది. 

"నీకు ఉందా?" అన్నాను.

"చాలా ఉంది సార్. మేడం పేపర్లు చదివే నేను ఈ ఫెలోషిప్‌కి పెట్టుకున్నా. మొదటిసారి ఒక మనిషి మూటలో ప్రశ్న లేకుండా జవాబు కట్టింది. అది వినిపిస్తే నా థీసిస్ మొదటి పేజీ అదే." తెర పక్కన పెట్టింది. "అబద్ధం ఎందుకు చెప్పాలి."

గోంగూర ట్రే దగ్గరికి వెళ్ళి నిలబడింది. ఒక ఆకు తిప్పి చూసి వదిలేసింది.

"ఈ పెట్టె పాతది," అంది, అటువైపే చూస్తూ. "అప్పుడప్పుడూ లెక్క తప్పుతుంది. జవాబు వినపడినా లెక్కలోకి రాదు. అలాంటప్పుడు విన్న మనిషి అందింది అని చెబితే ఫెలో చేత్తో నమోదు చేయొచ్చు. మేడం రాసిన నియమాల్లోనే ఉంది."

"నమోదు చేస్తే?"

"అందినట్టే. చెరిగిపోతుంది. ఇక ఓడలోకీ వెళ్ళదు, భూమికీ వెళ్ళదు."

"నీకేమీ ఇబ్బంది లేదా?"

"మేడం మూట నేను ముగించానని పడుతుంది. నాకు మంచిదే." తర్వాత చిన్నగా, "వినలేదే అని మాత్రం ఉంటుంది. చాన్నాళ్ళు ఉంటుంది," అంది.

తెర ఒళ్ళో పెట్టుకుని మంచం అంచున కూర్చుంది.

"అడిగిన ప్రశ్న అని ఒక గడి ఉంది సార్. అది నింపాలి. మీరు అడగాలి."

నేను పెట్టె ముందు నిలబడ్డాను. ఆ గోడ ముందు ఎన్నో అడిగాను. ఇది విడదని తెలిసి అడగడం ఇదే మొదటిసారి. గొంతు సరిచేసుకున్నాను.

"వకుళా, నేను ఇంకా అడుగుతూ ఉండాలా?"

పెట్టె పలకలేదు. గాలి గొట్టంలో ఆవిరి చప్పుడు. ఎస్తేరు ప్రశ్న రాసుకుంది.  వేలు తెర మీదే ఉంచి నావైపు చూసింది.

"జవాబు?"

"అందింది," అన్నాను.

నొక్కింది.

ఒకటి ఉన్నచోట సున్నా వచ్చింది. చప్పుడేమీ కాలేదు. అది నవ్వో దగ్గో నాకు ఇక ఎప్పటికీ తెలియదు. నేను వద్దనుకున్న తర్వాత కూడా, ఆ సున్నా వచ్చిన క్షణంలో, చెయ్యి దానంతటదే పెట్టె మీదికి వెళ్ళింది. కొంచెం వెచ్చగా ఉంది. కాసేపటికి ఆ వెచ్చదనం పోయింది.

ఎస్తేరు వెళ్ళేటప్పుడు తలుపు మెల్లగా వేసింది.


లాగ్ 224

గొట్టాలు విడదీశాం. నాలుగో కవాటం కారుతోంది, రేపు చూడాలి.

ఓడ బయల్దేరింది. పైగది కిటికీ దగ్గర నేనొక్కణ్ణే ఉన్నాను. ఓడ లేచినప్పుడు కింది మంచు ఆవిరై పైకి లేచింది. గురుగ్రహం వెలుగు పడి ఆ ఆవిరి అంతా లేత ఎరుపులోకి తిరిగింది. రాగిచెంబు తోమినప్పటి రంగు. ఓడ కనపడకుండా పోయాక కూడా అది చాలాసేపు అలాగే ఉండి, పొడిగా నేలమీదికి రాలింది. ఇన్నేళ్ళలో ఎప్పుడూ చూడలేదు. ఓడ వెళ్ళే సమయంలో నేను ఎప్పుడూ కింద గొట్టాల దగ్గరే ఉంటాను.

వకుళ ఇక్కడ ఉండగా రెండు ఓడలు వెళ్ళాయి. తను అప్పుడు ఎక్కడుందో నాకు తెలియదు. మాటల గదిలో పనిలో ఉందో, ఈ కిటికీ దగ్గరికి వచ్చిందో. చూసి ఉంటే నాకు చెప్పాలనుకుందో, ఏదో పని తగిలి మరచిపోయిందో.

గదికి వచ్చి బూట్లు విప్పాను. కుర్చీ గోడవైపు తిప్పుకున్నాను.

"ఓడ లేచేటప్పుడు ఆ ఆవిరి రంగు చూశావా ఎప్పుడైనా?" అన్నాను.

అడిగి, కూర్చున్నాను.